తిరుపతిలో రుచుల నడక: ఆరుగురు, ఒక ప్లేటు

తిరుపతికి వచ్చేవాళ్లలో చాలామంది కొండెక్కి, దర్శనం చేసుకుని, లడ్డూలు పట్టుకుని రైలెక్కేస్తారు. కింద ఉన్న ఊరు వాళ్లకు ఒక బస్టాండు, ఒక లాడ్జీ, ఆదరాబాదరాగా తిన్న ఒక ఇడ్లీ ప్లేటు. ఈ ఊళ్లో పెరిగినదాన్ని కాబట్టి అది నాకు బాధగానే ఉంటుంది. రాయలసీమ రాగి సంగటి, తమిళనాడు పొంగలి, గుడి ప్రసాదాలు, సాయంత్రం బండి మీది బొరుగులు, అన్నీ నాలుగైదు కిలోమీటర్లలో దొరికే ఊరు ఇది. తిండి మీద నిజంగా ఇష్టం ఉన్న నలుగురైదుగురిని వెంటబెట్టుకుని ఒక రోజంతా నడిచి రుచి చూస్తే తప్ప ఈ ఊరు నోటికి అందదు. ఆ రోజును ఎలా నడపాలో ఇక్కడ చెబుతున్నాను.

ముందు మా మొదటి నడక సంగతి. 12 మందిమి బయలుదేరాం. మొదటి టిఫిన్ సెంటర్లోనే ఎవరికి వాళ్లు ఒక్కో ప్లేటు చెప్పుకున్నాం. ఎనిమిదిన్నరకల్లా కడుపులు నిండిపోయాయి. మధ్యాహ్నం సంగటి ముందు కూర్చుంటే ఎవరికీ ముద్ద దిగలేదు. వండిన అమ్మ వచ్చి, "బాగలేదా నాయనా?" అని అడిగింది. చాలా బాగుంది, మా దగ్గర ఆకలే మిగల్లేదు. ఆ రోజు నుంచి మేము పట్టుకున్న సూత్రం ఒకటే: ఆకలి కూడా డబ్బు లాంటిదే, రాత్రి దాకా సరిపోయేలా ఖర్చు పెట్టుకోవాలి. కింద చెప్పే ప్రతి పనీ దానికోసమే.

కొండ మీద స్వామివారి ప్రసాదాలకు ఏ సరుకు ఎంత వేయాలో ముందే నిర్ణయించి ఉంటుంది. దాన్ని దిట్టం అంటారు. శనగపిండి ఇంత, నెయ్యి ఇంత, చక్కెర ఇంత, యాలకులు, జీడిపప్పు, కలకండ ఇంత అని లెక్క. మీ నడకకు కూడా ఒక దిట్టం రాసుకోండి. మనుషులు, తేదీ, దుకాణాలు, డబ్బు, ఈ నాలుగూ కాగితం మీద ఉంటే చాలు, రోజు దానంతట అదే నడుస్తుంది.

మనుషులను ఎంచుకోవడం

ఆరుగురు మంచి లెక్క. దోశను ఆరు ముక్కలు చేస్తే ఒక్కొక్కరికి రెండు కబళాలు వస్తాయి. అంతకంటే ఎక్కువమంది అయితే ముక్క నాలుక మీద పడకముందే అయిపోతుంది. తక్కువైతే ప్లేటు తినాల్సి వస్తుంది, కడుపు నిండుతుంది. పైగా ఆరుగురు రెండు ఆటోల్లో సరిపోతారు, చిన్న హోటల్లో ఒకే బల్ల దగ్గర కూర్చోగలరు.

ఆ ఆరుగురిలో ఒకరు ఇంట్లో రోజూ వంట చేసేవాళ్లు అయి ఉండాలి. "ఇందులో ధనియాలు మాడాయి" అని పట్టేది వాళ్లే. ఒకరు ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు. ఒకరు మాత్రం ఈ వైపు వంట అసలు తెలియనివాళ్లు ఉంటే ఎంతో మేలు. మనకు అలవాటైపోయి కనిపించని రుచిని వాళ్లు మొదటి ముద్దలోనే చెబుతారు. గోదావరి వైపు నుంచి వచ్చిన మా స్నేహితురాలు ఒకసారి, "మీ చట్నీలన్నిట్లో చెనక్కాయే కదా" అంది. ముప్పై ఏళ్లుగా తింటున్నా నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు.

ఆ మాట ఇంకో ముఖ్యమైన విషయానికి దారి తీస్తుంది. చిత్తూరు, తిరుపతి వైపు వంటలో చెనక్కాయలు, అంటే వేరుశనగలు, ఎక్కడ ఉంటాయో కంటికి కనిపించదు. చట్నీలో ఉంటాయి, పొడుల్లో ఉంటాయి, వంకాయ కూర గ్రేవీలో ఉంటాయి, వేయించే నూనె కూడా చాలాచోట్ల అదే. వేరుశనగ పడనివాళ్లు గుంపులో ఉంటే ఈ సంగతి బయలుదేరే ముందే తెలియాలి. అందుకే వారం ముందు ఒక్కొక్కరినీ విడిగా అడగండి: ఏం పడదు, ఏం తినరు, ఏ రోజు తినరు. అందరిలో అడిగితే మొహమాటానికి "ఏమీ లేదు" అంటారు. షుగర్ ఉన్నవాళ్లు, కారం తట్టుకోలేనివాళ్లు కూడా విడిగా అడిగితేనే చెబుతారు.

తేదీ

మాంసాహారం కూడా రుచి చూడాలనుకుంటే శనివారం వద్దు. శనివారం స్వామివారి వారం. ఇక్కడ చాలా ఇళ్లలో ఒక్కపొద్దు ఉంటారు, మాంసం ముట్టరు. సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా తమిళుల పెరటాసి నెల. తమిళులతో పాటు మా వైపు కుటుంబాలు కూడా చాలా వరకు ఆ నెలంతా మాంసం మానేస్తారు. బ్రహ్మోత్సవాలు కూడా దాదాపు అప్పుడే వస్తాయి, ఊరు నిండిపోతుంది. వైకుంఠ ఏకాదశి రోజుల్లోనూ అంతే. జనం ఎక్కువైనప్పుడు వంటమనిషికి మీతో మాట్లాడే తీరిక ఉండదు, మీకు నిలబడి తినే చోటు ఉండదు. మామూలు వారాల్లో మంగళ, బుధవారాలు నాకు నచ్చుతాయి.

కాలాన్ని బట్టి తిండి మారుతుంది. నన్నడిగితే డిసెంబర్, జనవరి నెలలకు సాటి లేదు. అప్పుడే అనపకాయలు వస్తాయి. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ వేళ్ల మధ్య పితికితే పొట్టు ఊడి లోపలి పప్పు జారిపడుతుంది. అదే పితికిపప్పు. ఇంట్లో ఆడా మగా చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ పితుకుతారు, కిలో గింజలకు గంట పైనే పడుతుంది. ఆ పప్పుతో చేసిన పులుసు సంగటిలోకి, ఇడ్లీలోకి, దోశలోకి ఎందులోకైనా కుదురుతుంది. కొందరు మాంసంలో కూడా వేస్తారు. ఈ వంటను హోటళ్లలో వెతకడం కంటే, గుంపులో ఇక్కడివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల ఇంట్లో అమ్మనో అత్తనో అడిగి, మధ్యాహ్నం మజిలీని ఆ ఇంటికి మార్చుకోండి. పితికే పనికి మీరూ కూర్చోవాలి, అది మాత్రం తప్పదు.

ఎండాకాలంలో ఇక్కడ 40 డిగ్రీలు దాటుతుంది, నడక కష్టం. కానీ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. అంబలి, పొంగళ్లతో వీధులు నిండే ఆ రోజులు చూడదగ్గవి. అప్పుడు వచ్చేవాళ్లు నడకను పొద్దున, సాయంత్రం రెండు ముక్కలు చేసుకోండి. మామిడి కూడా అప్పుడే మొదలవుతుంది. తోతాపురి కోత జూన్, జూలైలో జోరుగా ఉంటుంది. వానలు పడ్డాక శేషాచలం వైపు నుంచి సీతాఫలాలు దిగుతాయి.

ముందు ఒక్కరే తిరిగి చూడటం

నడిపించేవాళ్లు రెండు రోజుల ముందు ఒంటరిగా అదే దారిలో, అవే వేళల్లో ఒకసారి తిరగాలి. ఈ పని మానేసి నేరుగా గుంపుతో వెళితే మూసి ఉన్న షట్టర్ ముందు నిలబడాల్సి వస్తుంది. తిరిగేటప్పుడు ఏం చూడాలంటే:

మూకుడులో నూనె. నల్లగా, చిక్కగా ఉండి, వేయగానే నురగ పొంగుతూ తగ్గకపోతే అది చాలాసార్లు కాగిన నూనె. మాటిమాటికి కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్లు అనేవి పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నియమం. మన దగ్గర కొలిచే పరికరం ఉండదు కానీ ముక్కు ఉంటుంది. ఘాటుగా కంపు కొట్టే నూనె దగ్గర ఆగకండి.

తిరుగుడు. ఎంత జనం ఉన్నారో కాదు, ఎంత త్వరగా వంట అయిపోయి మళ్లీ కొత్తది దిగుతోందో చూడండి. పది నిమిషాలకొకసారి ఇడ్లీ పాత్ర దించే చిన్న కొట్టు, గంట కిందటి వడలను అద్దాల పెట్టెలో పెట్టిన పెద్ద హోటల్ కంటే మంచిది.

కొబ్బరి చట్నీ. ఇది త్వరగా పులుస్తుంది. పొద్దున ఎనిమిది లోపు దీన్ని నమ్మవచ్చు, ఎండెక్కాక చెనక్కాయ చట్నీయో పొడో అడగండి.

నీళ్లు, చేతులు, గిన్నెలు కడిగే బకెట్టు. ఇవి ఎవరూ చెప్పకుండానే మీకు తెలుస్తాయి.

నచ్చిన చోట యజమానితో రెండు మాటలు మాట్లాడండి. "అన్నా, బుధవారం పొద్దున ఏడింటికి ఆరుగురం వస్తాం. ఒక ప్లేటు తీసుకుని పంచుకుంటాం, ఖాళీ ప్లేట్లు ఇస్తారా?" అని ముందే అడిగితే ఎవరూ కాదనరు. చెప్పకుండా ఆరుగురు వెళ్లి ఒక్క ప్లేటు అడిగితే మాత్రం వాళ్లకు ఇబ్బంది, బల్ల ఊరికే ఆక్రమించినట్టు అవుతుంది. ఇంకో మర్యాద: ఒక ప్లేటే తిన్నా, ఇంటికి ఒక పొడి పొట్లమో మరో ప్లేటు పార్సెలో కొనండి. పార్సెల్ కొన్నప్పుడు న్యూస్‌పేపర్లో చుట్టవద్దని చెప్పండి, అచ్చు సిరా వేడి నూనెకు తిండికి అంటుతుంది. మేము ఇప్పుడు మూడు స్టీలు డబ్బాలు సంచిలో వేసుకుని బయలుదేరుతున్నాం.

డబ్బు

అందరి దగ్గరా ముందే సమానంగా తీసుకుని ఒక్కరి చేతిలో పెట్టండి. రోజంతటికీ ఆటోలతో కలిపి మనిషికి 500 రూపాయలు పోగేసుకుని మొదలుపెడితే నిశ్చింతగా ఉంటుంది. ప్రతి కొట్టు దగ్గరా "నేనిస్తా, నేనిస్తా" అని లాక్కోవడంలో వేడి దోశ చల్లారిపోతుంది. చిల్లర నోట్లు ఉంచుకోండి, చిన్న బండ్ల దగ్గర అది మంచిది.

పొద్దున: గోవిందరాజస్వామి గుడి చుట్టూ

ఆరున్నరకు రైల్వే స్టేషన్ ముందు కలుసుకోండి. అక్కడి నుంచి గోవిందరాజస్వామి గుడి కొన్ని నిమిషాల నడక. రామానుజాచార్యులు 12వ శతాబ్దంలో ఈ గుడిని నెలకొల్పాక దాని చుట్టూనే ఊరు పెరిగిందని చెబుతారు. పాత తిండి కూడా ఈ చుట్టుపక్కలే ఉంటుంది. భీమాస్ లాంటి పాత శాకాహార హోటళ్లు ఈ వైపే ఉన్నాయి. గాంధీ రోడ్డు, మాడ వీధులు, చుట్టూ ఉన్న సందుల్లో చిన్న టిఫిన్ కొట్లు ఉన్నాయి.

మొదటి రుచి పొంగలి కావాలి. ఇది నా పట్టుదల. నాలుక పొద్దున నిద్ర లేచి శుభ్రంగా ఉంటుంది. మిరియాలు, జీలకర్ర, నెయ్యి, పెసరపప్పు, ఇంత మృదువైన రుచిని కారం దోశ తర్వాత తింటే ఏమీ తెలియదు. ఒక ప్లేటు తీసుకోండి. మొదటి చెంచా చట్నీ, సాంబారు ఏమీ లేకుండా తినండి. పప్పు, బియ్యం కలిసిపోయాయా, విడిగా తగులుతున్నాయా? మిరియం పంటి కింద పగిలితే ఘాటు వెంటనే వస్తోందా, నిలవ మిరియంలా మొద్దుగా ఉందా? నెయ్యి పైన పోసిందా, జీడిపప్పుతో కలిపి పోపు వేసి కలిపిందా? రెండో చెంచా సాంబారుతో. తమిళ వైపు చేయి ఉన్న సాంబారు పలచగా, ఘాటు తక్కువగా ఉంటుంది. సీమ చేయి అయితే కారం ముందు తెలుస్తుంది. ఒకే వీధిలో రెండూ దొరకడం ఈ ఊరి ప్రత్యేకత.

రెండో కొట్టులో ఇడ్లీ ఒక ప్లేటు, దాంతో చెనక్కాయ చట్నీ. మూడో కొట్టులో ఎర్రకారం దోశ. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ కలిపి నూరిన కారాన్ని దోశ మీద రాసి, పైన వేయించిన శనగపప్పు పొడి చల్లుతారు. పెనం మీద ఉండగానే పొడి చల్లితే అది నూనె పీల్చి కారానికి పట్టుకుంటుంది, దించాక చల్లితే రాలిపోతుంది. దోశ వేసేటప్పుడు దగ్గర నిలబడి చూడండి.

మూడు కొట్లు, మూడు ప్లేట్లు, ఆరుగురు. ఇక్కడితో పొద్దుటి లెక్క అయిపోయింది. నాలుగో కొట్టు ఎంత పిలిచినా ఆగకండి. కొట్లవాళ్లు "రండి సామీ, వేడి వేడి ఉంది సామీ" అని ప్రేమగానే పిలుస్తారు. పేరు రాసుకుని, ఇంకో రోజు వస్తామని చెప్పి నడవండి.

గుడిలోకి వెళ్లినవాళ్లకు ప్రసాదం దొరికితే అది మన లెక్కలోకి తేకండి. పులిహోర, దద్దోజనం ఎంత గొప్పగా ఉన్నా దానికి మార్కులు వేయడం, హోటల్‌తో పోల్చడం నాకు సమ్మతం కాదు. కళ్లకద్దుకుని తినండి. తిరుమల లడ్డూ విషయం కూడా అంతే. దానికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఇంకెవరూ ఆ పేరుతో అమ్మకూడదు. కొండ మీద తినండి, కింద పోల్చకండి. కొండ మొదట్లో ఉన్న అలిపిరి దాటి పైకి మాంసాహారం, మద్యం తీసుకెళ్లకూడదని కూడా గుర్తుంచుకోండి. నడక మధ్యలో కొండకు వెళదామని ఎవరైనా అంటే సంచిలోని పార్సెళ్లు చూసుకోవాలి.

పదకొండు గంటలకు నన్నారి

రెండు గంటలు ఏమీ తినకుండా బజారు తిరిగాక నన్నారి షర్బత్. సుగంధిపాల అనే తీగ వేరును కాచి, చక్కెర పాకం పట్టి, నిమ్మరసం, సబ్జా గింజలు, నీళ్లో సోడానో కలిపి ఇస్తారు. అసలైన వేరు రసానికి తడి మట్టి వాసన, వెనిలా వాసన కలిసినట్టు ఉంటుంది, మింగాక కూడా గొంతులో నిలుస్తుంది. ఎసెన్స్ కలిపిందైతే మొదట ఘుమ్మంటుంది, మింగగానే మాయమవుతుంది. ఇద్దరికి ఒక గ్లాసు చాలు.

సంగటి

ఈ రోజంతటికీ గుండెకాయ ఇదే. అందుకే పొద్దున అంత పొదుపు. ఎయిర్ బైపాస్ రోడ్డు వైపు, చంద్రగిరి దారిలో సంగటి వడ్డించే హోటళ్లు, మెస్సులు కనిపిస్తాయి. ఒంటిగంటకు ముందే చేరండి. సంగటి దించిన మొదటి అరగంటలో ఉన్న మెత్తదనం తర్వాత ఉండదు, చల్లారితే గట్టిపడుతుంది.

తినేముందు అది ఎలా అవుతుందో తెలుసుకుంటే రుచి ఇంకా బాగా తెలుస్తుంది. బియ్యమో నూకలో మెత్తగా ఉడికించి, ఆ అన్నం మీద రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూత పెట్టి సన్నసెగన మగ్గనిస్తారు. పిండి ఆవిరికి ఉడికాక కట్టెతో బలంగా గెలుకుతారు. తొందరపడి ముందే గెలికితే ఉండలు కడుతుంది, లోపల పచ్చిపిండి మిగులుతుంది. బాగా కుదిరిన ముద్దను తడిచేత్తో తాకితే అంటుకోదు, విరిస్తే లోపల తెల్లటి పొడి మచ్చలు కనిపించవు. రాగుల్లో 100 గ్రాములకు 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. ఎండలో పనిచేసే రైతు ఇళ్లలో పొద్దుటి ముద్ద మధ్యాహ్నం దాకా ఆకలి లేకుండా నిలుపుతుందని మా తాత చెప్పేవాడు.

ఆరుగురికి రెండు ముద్దలు చెప్పండి. పక్కన మూడు రకాలు: నాటుకోడి పులుసు, ఏదైనా ఆకుకూర పప్పో పులగూరో, చెనక్కాయ ఊరిబిండి. మాంసం తిననివాళ్లకు ఊరిబిండి ఒక్కటే చాలు, అది ఎవరికీ తక్కువ కాదు. వేయించిన చెనక్కాయలు, మిరపకాయలు, చింతపండు, ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా నూరితే ఊరిబిండి. మిక్సీలో మెత్తగా తిప్పితే అది చట్నీ అయిపోతుంది, పంటికి పలుకు తగలదు.

కొత్తవాళ్లకు తినడం నేర్పండి. చెంచా వద్దు. వేళ్లతో చిన్న ముద్ద తుంచి, బొటనవేలితో మధ్యలో గుంట చేసి, పులుసు అందులోకి తీసుకుని, నమలకుండా మింగాలి. నమిలితే పంటికి అతుక్కుంటుంది. మొదటి రెండు ముద్దలకు ఇబ్బందిగా ఉంటుంది, మూడోదానికి గొంతు నేర్చుకుంటుంది. సంగటికి సొంత రుచి తక్కువ, అందుకే పులుసుకు అంత కారం, అంత పులుపు. పులుసు విడిగా నాలుక మీద వేసుకుని "అబ్బ, కారం" అనేవాళ్లు ముద్దతో కలిపి తిన్నాక ఆ మాట అనరు.

కారం మరీ ఎక్కువైతే నీళ్లు తాగకండి. మిరపలోని క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, నోరంతా పరుచుకుంటుంది. పెరుగు, మజ్జిగ పనిచేస్తాయి, పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని తీసుకుపోతుంది. అందుకే సంగటి పక్కన మజ్జిగ గ్లాసు ముందే పెట్టించుకోండి.

తిన్నాక అందరూ వెంటనే మాట్లాడేయకండి. మేము ఒక పద్ధతి పెట్టుకున్నాం: ప్రతి మజిలీలో రెండు నిమిషాలు మౌనంగా ఎవరి పుస్తకంలో వాళ్లు ఒక వాక్యం రాసుకుంటాం, తర్వాతే మాటలు. గట్టిగా మాట్లాడేవాళ్లు మొదట "సూపర్" అంటే మిగతావాళ్ల నాలుక కూడా అదే అంటుంది. "బాగుంది, బాగలేదు" అని రాయకండి. ఏం తగిలింది, ఎప్పుడు తగిలింది, ఎంతసేపు నిలిచింది, అది రాయండి. మా ఇంట్లో ఇప్పటికి మూడు నోటుపుస్తకాలు నిండాయి. ఒకే కొట్టు పొంగలి గురించి నాలుగేళ్ల తేడాతో రాసినవి చదివితే, మధ్యలో వంటమనిషి మారిన సంగతి కూడా అందులో కనిపిస్తుంది.

విరామం తప్పనిసరి

మూడు నుంచి ఐదు దాకా తిండి మాట ఎత్తకండి. ఎస్వీ యూనివర్సిటీ చెట్ల నీడ గానీ, కపిలతీర్థం గానీ వెళ్లండి. వానలు పడిన రోజుల్లో కపిలతీర్థంలో జలపాతం దూకుతుంది, చూస్తుంటే రెండు గంటలు తెలియవు.

సాయంత్రం, రాత్రి

బొరుగుల మసాలా బండ్లు చీకటి పడే వేళకు వస్తాయి. బొరుగులు, ఉల్లిపాయ, టమాటా, కారం, నిమ్మరసం, వేయించిన చెనక్కాయలు. కలిపిన నిమిషంలోనే తినాలి, మూడు నిమిషాలకు బొరుగులు మెత్తబడతాయి. ఇక్కడ మాత్రం రెండు పొట్లాలు చెప్పండి, గాలి తిండి, కడుపుకు బరువు కాదు. గుంతపొంగనాలు దొరికితే ఒక ప్లేటు. పైన కరకరలాడుతూ లోపల దూదిలా ఉందా అని విరిచి చూడండి. మిర్చి బజ్జీ కొత్త నూనెలో వేస్తుంటేనే.

రాత్రికి చివరి మజిలీ పరోటా, దాంట్లోకి పలచటి మసాలా పులుసు శేరువా. ఇది తమిళ సరిహద్దు నుంచి వచ్చిన రుచి, చిత్తూరు వైపు ఇంకా బలంగా ఉంటుంది. మైదా పిండిని నూనెతో సాగదీసి, మడిచి, చుట్టి, కాల్చాక రెండు చేతులతో కొట్టి పొరలు విడదీస్తారు. ఆ చప్పుడు వినిపించే కొట్టుకే వెళ్లండి, అప్పుడే కాల్చినవని అర్థం. మూడు పరోటాలు ఆరుగురికి చాలు. ఇక్కడిది ముస్లిం వంటమనిషి కొట్టు అయితే కుష్కా కూడా అడగండి. ముక్కలు లేని బిరియానీ అన్నం అది. మాంసం రసం, మసాలా అన్నానికి ఎంతవరకు పట్టాయో దాచకుండా చెప్పేస్తుంది.

వంట చేసేవాళ్లను ఫొటో తీసే ముందు అడగండి. రద్దీ తగ్గాక ఒక్క ప్రశ్న వేయండి, "ఈ పొడి ఎవరు నేర్పారక్కా?" లాంటిది. కొలతలు అడిగితే చెప్పడానికి ఇష్టపడరు, అది వాళ్ల బతుకుతెరువు. ఎవరు నేర్పారని అడిగితే మాత్రం ముఖం వికసిస్తుంది, అడగకుండానే సగం వంట చెప్పేస్తారు.

రెండో రోజు ఉంటే చిత్తూరు

తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. దారిలో చంద్రగిరి కోట, చిత్తూరు దగ్గర కాణిపాకం వినాయకుడి గుడి. చెరకు ఆడే చలికాలంలో వెళితే ఊళ్ల బయట బెల్లం వండే చోట్లు ఉంటాయి. పెద్ద పెనంలో చెరకు రసం పొంగుతుంటే తెట్టు తీస్తూ, పాకం రాగానే అచ్చుల్లో పోస్తారు. అనుమతి అడిగి చూడండి, పిల్లలను పెనం దగ్గరికి రానివ్వకండి. కొనేటప్పుడు మెరిసే లేతపసుపు దిమ్మ కంటే ముదురు రంగు దిమ్మ తీసుకోండి. రంగు తేలడానికి కొందరు హైడ్రోస్ అనే రసాయనం కలుపుతారు. చిన్న ముక్క నోట్లో వేసుకుంటే మంచి బెల్లం తీపి తర్వాత కొంచెం చెరకు పచ్చివాసన, అతి కొద్దిగా ఉప్పదనం తెలుస్తాయి. ఆ బెల్లంతో ఇంట్లో ఓలిగలు, అంటే బొబ్బట్లు, చేసి చూడండి. నిప్పట్లు, మణుగుపూలు లాంటి పిండివంటలు కూడా ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, కొన్నాళ్లు నిలవ ఉంటాయి.

మరుసటి పొద్దున

నడక అయిన రాత్రి పడుకునే ముందు ఒక పని చేసుకోండి. నాలుగు చెంచాల రాగిపిండిని నీళ్లలో కలిపి, పెద్ద గ్లాసుడు మరిగే నీళ్లలో పోసి ఉడికించి, మూత పెట్టి పక్కన పెట్టండి. పొద్దునకు కొద్దిగా పులుస్తుంది. అందులో మజ్జిగ, ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ వేసి కలిపితే అంబలి. ఆ పూట టిఫిన్ ఏమీ వద్దు, ఇది ఒక గ్లాసు తాగి, నిన్నటి నోటుపుస్తకం ముందేసుకుని కూర్చోండి. మళ్లీ వస్తామని మాటిచ్చిన ఆ నాలుగో కొట్టు పేరు అందులో ఎక్కడో రాసి ఉంటుంది.